మందపాటి రంగుటద్దాలకు సీసం: కిలో లెక్క వదలాలి, కొలత లెక్క పట్టాలి

గోదావరి డెల్టా బజార్లలో సీసం అనే మాట వినబడగానే వర్తకుల మనసు రెండు చోట్లకు పోతుంది. ఒకటి చేపల వలలకు కట్టే గుండ్లు, రెండవది పాత బ్యాటరీలు. ఈ రెండింటిలోనూ సరుకు తూకం మీదనే పోతుంది. మెత్తనిదా, గట్టిదా, అందులో ఏమి కలిసింది అని అడిగేవారు తక్కువ. గుండు నీటిలో మునిగితే చాలు, వల వేసేవారికి మరో పేచీ లేదు. అందుచేత రామచంద్రపురం వంటి పట్టణాల్లో సీసం బేరం అంటే కిలో ధర, కాటా, బిల్లు. అంతటితో సరి.

అయితే ఇదే దుకాణానికి అప్పుడప్పుడు మరో రకం కొనుగోలుదారు వస్తాడు. చర్చి కమిటీ తరఫునో, పాత మేడ బాగు చేయించే ఇంటివారి తరఫునో, కల్యాణ మండపం కట్టించే కాంట్రాక్టరు తరఫునో వచ్చి, రంగుటద్దాల ముక్కలను కూర్చే సీసపు పట్టీ కావాలంటాడు. అద్దం మామూలుది కాదు, మందపాటిది అని కూడా అంటాడు. అప్పుడు మన వర్తకుడు చేసేదేమిటి? వల గుండ్లు పోసే మనిషికి కబురు చేస్తాడు. ఉన్న సీసాన్ని కరిగించి పట్టీలు లాగించి, కిలో ఇంత అని ధర కట్టేస్తాడు. బేరం ఆ పూటకు తెమిలిపోతుంది. దాని ఫలితం మాత్రం కిటికీలో ఏళ్ల తరబడి వేలాడుతుంది.

ఈ సరుకును కిలో లెక్కన అమ్మే పద్ధతి మానుకోవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. అద్దం అంచు మందం కొలిచి, సీసం మిశ్రమం కాగితం మీద రాయించి, మీటరు లెక్కన అమ్మాలి. ఊరి కొలిమిలో కరిగిన తుక్కు సీసాన్ని ఈ బేరం దరిదాపులకు రానివ్వరాదు. ఇందువల్ల వర్తకుడికి నష్టం లేదనీ, లాభమే ఉన్నదనీ లెక్కలతో చూపవచ్చు.

అసలు సరుకు ఏమిటి?

రంగుటద్దాల పనిలో వాడే సీసపు పట్టీని ఇంగ్లీషువారు కేమ్ అంటారు. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, రెండింటినీ కలుపుతూ మధ్యన నడుము. నడుముకు అటు ఒక అద్దం ముక్క, ఇటు ఒక అద్దం ముక్క దూరుతుంది. పట్టీలు కలిసిన ప్రతి చోటా తగరం, సీసం కలిపిన మాటు వేస్తారు. తరువాత సుద్దపొడి, అవిసెనూనె కలిపిన పుట్టీని రెక్కల కిందికి నెట్టి సందులు పూడుస్తారు. వాన నీరు లోపలికి రాకుండా, అద్దం గలగలలాడకుండా చేసేది ఈ పుట్టీయే.

మన పాత మేడల్లో కనిపించే రంగుటద్దాలు చాలావరకు ఈ కోవలోనివి కావు. చెక్క చట్రంలో ఎర్ర, నీలి, పసుపు, ఆకుపచ్చ పలకలు బిగించి, చెక్క బద్దీలు మేకులతో కొట్టినవే ఎక్కువ. అక్కడ బరువు మోసేది కలప. సీసపు పట్టీ పనిలో మాత్రం ముక్కలను పట్టి ఉంచే భారం సీసం మీదనే పడుతుంది. ఈ తేడా గ్రహించక, చెక్క బద్దీ స్థానంలో సీసపు బద్దీ పెడితే సరిపోతుందనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతున్నది.

మెదక్ కిటికీలు చెప్పేది

తెలుగునాట ఈ పనికి అందరికీ తెలిసిన ఉదాహరణ మెదక్ కెథడ్రల్. చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో కట్టిన ఆ ఆలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకున్నది. దానిలోని మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలకు రూపకల్పన చేసినవారు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. క్రీస్తు ఆరోహణం కిటికీ 1927లోను, జననం కిటికీ 1947లోను, సిలువ కిటికీ 1958లోను అమరాయి. ఒకే ఆలయానికి మూడు కిటికీలు సమకూరడానికి 31 ఏళ్లు పట్టిందన్నమాట.

వర్తకులు ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అటువంటి పనుల్లో బొమ్మ, అద్దం, సీసం, కూర్పు అన్నీ ఒకే బాధ్యత కింద నడిచేవి. సీసం మంచిదా కాదా అన్న తగాదా కొనుగోలుదారుకూ, సీసం వర్తకుడికీ మధ్యకు వచ్చేది కాదు. ఇప్పుడు మన ప్రాంతంలో ఆ పద్ధతి లేదు. అద్దం హైదరాబాదు నుంచో చెన్నై నుంచో వస్తుంది. సీసం స్థానిక బజారులో కొంటారు. కూర్చే పనివాడు మరో ఊరినుంచి వస్తాడు. ఇనుప చట్రం వెల్డింగు షాపులో తయారవుతుంది. నాలుగేళ్లకు పలక పొట్ట ఉబ్బితే, నలుగురూ ఒకరిని చూసి మరొకరు వేలు చూపుతారు. అందరిలోకి చిరునామా సులభంగా దొరికేవాడు, రోజూ దుకాణం తెరిచేవాడు సీసం వర్తకుడే. కనుక తగాదా చివరకు వచ్చి చేరేది అతని అరుగు మీదికే.

మందం తెచ్చే బరువు

మామూలు రంగుటద్దం మందం సుమారు 3 మిల్లీమీటర్లు. మందపాటిది అన్నప్పుడు 6 మిల్లీమీటర్లు కావచ్చు, 8 కావచ్చు, 10 కావచ్చు. చేతితో పోసిన పలకల్లో ఒకే ముక్క ఒక అంచున పలుచగాను, మరో అంచున దళసరిగాను ఉండటం మామూలే. మందంతో పాటు సీసం బరువు పెద్దగా పెరగదు. పెరిగేది అద్దం బరువు. ఈ సంగతి లెక్క కట్టి చూస్తేగాని మనసుకెక్కదు.

రెక్క వెడల్పు 12 మిల్లీమీటర్లు, రెక్క దళసరి ఒకటిన్నర, నడుము దళసరి ఒకటిన్నర అనుకుందాం. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. నడుము ఎత్తు 5 మిల్లీమీటర్లయితే పట్టీ మీటరుకు 493 గ్రాములు తూగుతుంది. నడుము 7 అయితే 527 గ్రాములు. నడుము 12 అయితే 612 గ్రాములు.

ఇక మీటరు పొడవు, మీటరు వెడల్పు పలకను తీసుకుని, 15 సెంటీమీటర్ల గళ్లుగా కూర్చితే అంచులతో కలిపి దాదాపు 16 మీటర్ల పట్టీ పడుతుంది. అద్దం 3 మిల్లీమీటర్లదైతే అద్దం బరువు ఏడున్నర కిలోలు, సీసం 7.9 కిలోలు, వెరసి 15.4 కిలోలు. అద్దం 6 మిల్లీమీటర్లదైతే అద్దం 15 కిలోలు, సీసం 8.4 కిలోలు, వెరసి 23.4 కిలోలు. అద్దం 10 మిల్లీమీటర్లదైతే అద్దం 25 కిలోలు, సీసం 9.8 కిలోలు, వెరసి 34.8 కిలోలు. మాటు, పుట్టీ, తరుగు వీటికి అదనం.

అంటే సీసం నాలుగోవంతు పెరిగితే, మొత్తం బరువు రెండింతలు దాటింది. మందపాటి అద్దానికి ఎక్కువ సీసం అమ్ముకోవచ్చునని సంబరపడే వర్తకుడికి దక్కేది చదరపు మీటరుకు అదనంగా రెండు కిలోల లోపు. నెత్తిన పడే బాధ్యత మాత్రం రెండింతలు. కిలో లెక్క ఎందుకు పనికిరాదో ఈ అంకెలే చెబుతున్నాయి.

కొలవవలసినవి నాలుగు

మొదటిది నడుము ఎత్తు. అద్దం అంచు మందం కంటే ఇది ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఆ కాస్త చోటే పుట్టీకి దారి. మందాన్ని పలక మధ్యలో కాక, ముక్క సీసంలో దూరే అంచున కొలవాలి. ఒక ముక్క కొలిచి ఊరుకోక, అన్నిటికంటే దళసరి ముక్కను వెతికి కొలవాలి. తక్కువ నడుము పట్టీని కొని, రెక్కలను కొయ్యముక్కతో పైకి లేపి మందపాటి అద్దాన్ని బలవంతాన దూర్చే అలవాటు పనివారిలో ఉన్నది. రెక్క పైకి లేచిన చోట పట్టు పోతుంది, నీరు చొరబడుతుంది.

రెండవది రెక్క వెడల్పు. 12 మిల్లీమీటర్ల రెక్కలో నడుము పోగా ఒక్కొక్క అద్దానికి దక్కే పట్టు 5.25 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల సన్న రెక్క తీసుకుంటే దక్కేది 2.25 మాత్రమే. పలుచని అద్దానికి సన్నగీత అందం కావచ్చు. బరువైన అద్దానికి అది ప్రమాదం.

మూడవది పలక కొలత. ఎంత మంచి సీసమైనా పలక చుట్టుకొలత 14 అడుగులు మించకుండా చూడటం క్షేమం. కిటికీ అంతకంటె పెద్దదైతే పలకలుగా విడగొట్టి, మధ్య మధ్య ఆసరా కడ్డీలు పెట్టి, పట్టీకి మాటు వేసిన రాగి తీగతో కడ్డీకి కట్టాలి. మందపాటి అద్దానికి కడ్డీలు మరింత దగ్గరగా ఉండాలి. సముద్రపు గాలి తగిలే కాకినాడ, యానాం, కోనసీమ ప్రాంతాల్లో మామూలు ఇనుప కడ్డీ తుప్పుపట్టి ఉబ్బి, పక్కనున్న అద్దాన్నే పగలగొడుతుంది. తుప్పు పట్టని ఉక్కు గాని, కంచు గాని వాడమని కొనుగోలుదారుకు చెప్పడం వర్తకుడి ధర్మం.

నాలుగవది, అసలు ఇది సీసం పనేనా అన్న ప్రశ్న. అంగుళం మందపు అద్దపు దిమ్మలతో చేసే కిటికీలు ఉన్నాయి. వాటిని కాంక్రీటులోనో, ఎపాక్సీలోనో పోసి కూరుస్తారు. ఫ్రాన్సులో 1930 ప్రాంతాల్లో వ్యాప్తిలోకి వచ్చిన పద్ధతి అది. అటువంటి దిమ్మ పట్టుకొచ్చి సీసం కావాలని ఎవరైనా అడిగితే, సరుకు లేదని చెప్పి పంపడమే ఉత్తమం. అమ్మకూడని చోట అమ్మకుండా ఉండటం కూడా వ్యాపారమే.

శుద్ధి ఎక్కువైతే మేలా?

బంగారం చూసిన కన్నుతో సీసాన్నీ చూడటం మనవారికి అలవాటు. ఎంత స్వచ్ఛమైతే అంత మంచిదనుకుంటారు. లండన్ మెటల్ ఎక్స్ఛేంజిలో సీసం కనీస శుద్ధి 99.97 శాతం. మన దేశంలో పెద్ద కర్మాగారాల సరుకు 99.99 వరకు వస్తుంది. బ్యాటరీవారికి అది ప్రాణం. కిటికీ పనికి మాత్రం ఒంటి సీసం మరీ మెత్తన.

సీసం కరిగేది 327 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర. లోహాల్లో ఇది చాలా తక్కువ. అందువల్ల మామూలు గది వేడిలోనే సీసం తన మీద పడ్డ బరువుకు మెల్లమెల్లగా సాగుతూ పోతుంది. మన వేసవి ఎండ తగిలే గోడమీద ఆ సాగుడు ఇంకా ఎక్కువ. పైగా వేడికి సీసం అద్దం కంటె మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. మీటరు పొడవున 30 డిగ్రీల వేడి పెరిగితే సీసం 0.87 మిల్లీమీటరు పెరుగుతుంది, అద్దం 0.27 మాత్రమే. పగలు పెరిగి రాత్రి తగ్గే ఈ లాగులాటలో సీసం అలసి, మాటు పక్కనే చీలుతుంది.

మధ్యయుగాల యూరపు కిటికీల సీసంలో తగరం, యాంటిమొనీ, రాగి, వెండి వంటివి స్వల్పంగా కలిసి ఉండేవి. నాటి శుద్ధి పద్ధతులు అంతంతమాత్రం కావడమే కారణం. ఆ మలినాలే సీసానికి ఒడుపు ఇచ్చాయి. ఈ సంగతి గ్రహించిన తరువాత పాశ్చాత్య దేశాల్లో మరమ్మతు పనులకు ఇవే లోహాలను కొలిచి కలిపిన మిశ్రమ సీసం తయారుచేస్తున్నారు. మంచి సీసం పని 75 నుంచి 200 ఏళ్ల దాకా నిలుస్తుందని వారి అనుభవం. 

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. మిశ్రమం మంచిదన్నారు కదా అని పాత బ్యాటరీ సీసం తెచ్చి, దీనిలోనూ యాంటిమొనీ ఉన్నదని వాదించేవారున్నారు. మందులో చిటికెడు ఉప్పు వేరు, సముద్రపు నీరు వేరు. పాత రకం బ్యాటరీ పలకల్లో యాంటిమొనీ శాతాల లెక్కన ఉంటుంది. ఆ సీసం గట్టిగా ఉండి, వంపు తిప్పబోతే చిట్లుతుంది. కొత్త రకం బ్యాటరీల్లో కాల్షియం కలుస్తుంది. రెండూ కలిసి కరిగిన దిమ్మలో ఏమున్నదో కరిగించినవాడికే తెలియదు. గోటితో గీసి, వంచి చూసి చెప్పే పరీక్షలు ఇక్కడ చాలవు. నగల దుకాణంలో బంగారం చూసే ఎక్స్-రే యంత్రం ఈ పనికి సరిపెట్టినది కాదు. కాల్షియం వంటి తేలిక లోహాన్ని అది పట్టలేదు. ప్రయోగశాల కాగితం తప్ప మార్గం లేదు.

సరుకు ఎక్కడినుంచి?

ఒకప్పుడు మనకు ఇల్లే ఆధారం. గుంటూరు జిల్లా అగ్నిగుండాల ప్రాంతంలో, బండ్లమోటు దగ్గర సీసపు గని నడిచేది. విశాఖపట్నంలో హిందూస్తాన్ జింక్ కర్మాగారం 1977లో పని మొదలుపెట్టింది. జింకుతో పాటు సీసమూ అక్కడ తీసేవారు. ఆ గనీ మూతపడింది, 2012లో విశాఖ కర్మాగారమూ మూతపడింది. ఇప్పుడు ఖనిజం నుంచి తీసిన దేశీయ సీసానికి ఆధారం రాజస్థాన్‌లోని చందేరియా, దరీబా కర్మాగారాలు. తుక్కునుంచి శుద్ధి చేసే పెద్ద పరిశ్రమలు చిత్తూరు ప్రాంతంలో ఉన్నాయి. తిరుపతి దగ్గరి బ్యాటరీ పరిశ్రమ వల్ల ఆ వైపు సీసం రాకపోకలు ఎక్కువ.

ఎక్స్ఛేంజి ధర చూసి దిమ్మ కొనాలనుకునే వర్తకుడికి ఒక చిక్కు. ఎం.సి.ఎక్స్.లో సీసం ఒప్పందం లాటు 5 టన్నులు, మినీ లాటు ఒక టన్ను. పైన చెప్పిన 6 మిల్లీమీటర్ల అద్దపు కిటికీ పది చదరపు మీటర్లున్నా, తరుగుతో కలిపి దానికి పట్టే సీసం 90, 95 కిలోలు. టన్ను సరుకు తెచ్చి, ఏళ్ల తరబడి గోదాములో పెట్టుకోవడం ఏ వర్తకుడికీ గిట్టదు. ఎక్స్ఛేంజి ధరను బేరానికి కొలబద్దగా వాడుకోవాలే గాని, అక్కడి సరుకుకు ఆశపడరాదు.

దీనికి మూడు దారులు కనిపిస్తున్నాయి. తయారైన పట్టీని బ్రిటన్ నుంచో, అమెరికా నుంచో దిగుమతి చేసుకోవడం ఒకటి. సరుకు నాణ్యం, కొలత నిలకడగా ఉంటాయి. రవాణాలో వంకరపోయే ప్రమాదం ఉన్నది కనుక చుట్టలుగా కాక, నిలువు పెట్టెల్లో తెప్పించుకోవాలి. ముంబై, చెన్నై వంటి నగరాల్లో ఈ పని చేసే కళాశాలల వారినుంచి, అద్దాల వర్తకులనుంచి చిల్లరగా కొనడం రెండవ దారి. రామచంద్రపురం, మండపేట, కాకినాడ, రాజమహేంద్రవరం వర్తకులు నలుగురు కలిసి ఏడాదికి ఒకటి రెండుసార్లు ఉమ్మడి ఇండెంటు పెట్టి, కావలసిన మిశ్రమం, నడుము ఎత్తు రాసిచ్చి, లైసెన్సు గల కర్మాగారంలో లాగించుకోవడం మూడవది. బియ్యం మిల్లర్లు విడిభాగాలను కలిసి తెప్పించుకున్నట్లే ఇదీ. ఈ మూడవ దారే మన ప్రాంతానికి అన్నివిధాల అనువైనదని చెప్పవచ్చు. 

వచ్చిన సరుకును నిలవచేయడంలోనూ మెలకువ కావాలి. కొన్ని రకాల పచ్చి కలపనుంచి, ముఖ్యంగా ఓక్ వంటివాటినుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేసి, తెల్లని పొడిగా మారుస్తుంది. ఆ పొడి విషం. కనుక పచ్చి చెక్క పెట్టెల్లో, తడి గోనెల్లో పెట్టరాదు. కాగితం చుట్టి, పొడిచోట, చదునుగా పెట్టాలి.

మాటు విషయమూ చెప్పుకోవాలి. తగరం 60, సీసం 40 పాళ్ల మాటు 183 నుంచి 190 డిగ్రీల మధ్య కరుగుతుంది. తగరం ధర సీసం ధరకు ఎన్నో రెట్లు. అందుచేత తగరం తగ్గించిన చౌక మాటును అంటగట్టడం పరిపాటి. 30 పాళ్ల తగరం మాటు పూర్తిగా కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. ఆ వేడిలో కత్తి కాస్త నిలిస్తే పట్టీయే కరిగిపోతుంది. సీసం బిల్లు పక్కనే మాటు పాళ్లు కూడా రాయడం అవసరం.

తుక్కు సీసం సంగతి

ఇంతవరకు చెప్పింది కిటికీ క్షేమం. ఇకమీద చెప్పేది మనుషుల క్షేమం. పాత బ్యాటరీ పగలగొట్టి, ఇంటి వెనక పొయ్యి మీద కరిగించే పని మన పల్లెల్లోను, పట్టణాల శివార్లలోను కొత్తది కాదు. సీసపు పొగ కంటికి కనబడదు. కరిగించేవాడి గుడ్డలకు పట్టిన ధూళి ఇంటికి పోతుంది. నేల మీద పడ్డది పిల్లల చేతికి, చేతినుంచి నోటికి చేరుతుంది. ఎంత తక్కువైనా సీసం క్షేమమని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు ఉంటే, ఆ సీసం ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టి ఆపాలని 2021లో సూచించింది. చిన్నపిల్లల్లో అది తెలివిని, చదువును దెబ్బతీస్తుంది. పోయినది తిరిగి రాదు.

చట్టం కూడా ఈ విషయంలో తేటగానే ఉన్నది. 2001 నాటి బ్యాటరీ నిబంధనల స్థానంలో 2022లో కొత్త నిబంధనలు వచ్చాయి. పాత బ్యాటరీ నమోదైన శుద్ధిదారుకే చేరాలి. పన్ను వైపునుంచి చూసినా, 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషను లేనివారి దగ్గర లోహపు తుక్కు కొన్న రిజిస్టర్డు వర్తకుడే రివర్సు చార్జి కింద జి.ఎస్.టి. కట్టాలి. కాటా దగ్గర చౌకగా కనిపించిన సీసం ఖాతా దగ్గరికి వచ్చేసరికి చౌక కాదు. కాగా 2025-26 కేంద్ర బడ్జెటు సీసం తుక్కు దిగుమతిపై మూల సుంకాన్ని తీసివేసింది. నమోదైన పెద్ద శుద్ధిదారులకు సరుకు అందే దారి ఆ మేరకు సుగమమైంది. ఊరి పొయ్యి సీసానికి ఉన్న ఒక్క ఆకర్షణ ధర మాత్రమే. ఆ ఆకర్షణ కూడా కరిగిపోతున్నదన్నమాట.

బిల్లు మీద ఏముండాలి?

ఈ సరుకుకు ఒప్పందం కాగితం పెద్ద తతంగం కానక్కరలేదు. ఆరు మాటలు చాలు. నడుము ఎత్తు, రెక్క వెడల్పు, దళసరి ఎంత, మిశ్రమం ఏమిటి, పరీక్ష కాగితం నెంబరు ఎంత, మీటర్లు ఎన్ని, మీటరు తూకం ఎంత, ఎంతవరకు హెచ్చుతగ్గు ఒప్పుకుంటారు, మాటు పాళ్లు ఎంత, సరుకు ఏ మందపు అద్దానికి అమ్మబడినది. చివరిదే ముఖ్యం. 6 మిల్లీమీటర్ల అద్దానికని బిల్లు మీద రాసి అమ్మిన పట్టీలో పనివాడు 10 మిల్లీమీటర్ల అద్దం దూర్చితే, ఆ పాపం వర్తకుడిది కాదు. ఆ ఒక్క పంక్తి లేకపోతే వర్తకుడికి నోరులేదు.

దళారీ కమీషను సంగతీ ఇక్కడే తేలాలి. తూకం మీద కమీషను ఉన్నంతకాలం దళారీకి బరువైన సరుకు మీదనే మమకారం. మీటరు మీద కమీషను కడితే అతని ఆసక్తి, కొనుగోలుదారు ఆసక్తి ఒక దారిన పడతాయి.

ఇంత చిన్న వ్యాపారానికి ఇన్ని నియమాలా అని కొందరు అనవచ్చు. ఏడాదికి ఒకటి రెండు ఆర్డర్ల కోసం పరీక్ష కాగితాలా అని నవ్వవచ్చు. వారికి ఒకే జవాబు. రంగుటద్దాల కిటికీ ఖర్చులో అద్దం, కూలి ముందు సీసం ధర చాలా స్వల్పం. కాని ఆ కిటికీ ఆయుర్దాయం అంతా ఆ స్వల్పం మీదే నిలిచి ఉన్నది. సీసంలో ఆదా చేసిన కొద్ది రూపాయలకు అద్దం మొత్తం విప్పి మళ్లీ కూర్చవలసి వస్తే, ఆ నష్టం ఎవరూ పూడ్చలేరు. మందపాటి అద్దం తలుపు మీదినుంచి జారితే నష్టం డబ్బుతో పోదు కూడా. దాని కిందనుంచి నడిచేవారు ఉంటారు.

మరో అభ్యంతరం ధర గురించి. పక్క దుకాణంవాడు తుక్కు సీసంతో సగానికి ఇస్తానంటే మనం నిలవగలమా అని. కొన్నాళ్లు నిలవలేకపోవచ్చు. అయితే రామచంద్రపురం వర్తకులకు ఈ పాఠం కొత్తగా చెప్పాలా? ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కాటా ఎక్కదని ఇక్కడి రైతుకు తెలుసు, మిల్లరుకు తెలుసు, హమాలీకి తెలుసు. చేయి పెట్టి చూసి బాగానే ఉందంటే వినేవారు లేరు, తేమ యంత్రం చెప్పాలి. ఆ నియమం కష్టమే అయినా, ఈ ప్రాంతపు బియ్యానికి దూరప్రాంతాల్లో మాట నిలబెట్టింది అటువంటి నియమాలే. ధాన్యానికి ఒప్పుకున్న క్రమశిక్షణను సీసానికి ఒప్పుకోలేమనడం సబబు కాదు.

కనుక వర్తక సోదరులు మొదట చేయవలసింది చిన్న పని. దుకాణంలో కాటా పక్కన ఒక వెర్నియరు కాలిపరు పెట్టుకోవాలి. మందపాటి అద్దానికి సీసం కావాలని వచ్చినవారిని ఎన్ని కిలోలు అని అడగడానికి ముందు, అన్నిటికంటె దళసరి ముక్కను తెచ్చి చూపమనాలి. రెండవది, కాకినాడ, రాజమహేంద్రవరం వర్తకులతో మాట్లాడి ఉమ్మడి ఇండెంటుకు పూనుకోవాలి. మూడవది, వల గుండ్ల సీసాన్ని, కిటికీ సీసాన్ని ఒకే గంపలో పెట్టడం నేటినుంచి మానాలి. ఈ మూడూ చేసిన దుకాణానికి ఆర్డర్లు తక్కువైనా తగాదాలు రావు. తగాదా లేని సరుకుకు ధర చెప్పుకునే హక్కు అమ్మేవాడికే ఉంటుందన్న సంగతి బజారులో అందరికీ తెలిసినదే.